ఎడమ మెలి

ముప్పై ఏళ్ల కాపురంలో, మా ఆయన షిఫ్టు దిగి గుమ్మంలోకి రాకముందు నేను ఏనాడూ బియ్యం పొయ్యి మీద పెట్టలేదు. ముందే వండేస్తే ఆ అన్నం ఎవరికి పెట్టాల్సి వస్తుందోనని భయం. పప్పు ఉడికించి, కూర చేసి, బియ్యం కడిగి గిన్నెలో ఉంచేదాన్ని. ఆయన సైకిల్ స్టాండు వేసిన చప్పుడు వినపడ్డాకే స్టవ్ వెలిగేది.

ఆయన ఒంటి మీది బొగ్గు మసి కడుక్కుని వచ్చి, ఉత్త కంచం ముందు పెట్టుకుని కూర్చునేవాడు.

"కాలనీ మొత్తం తిని పండుకున్నది. నా అన్నం ఇంక బియ్యం కాడనే ఉన్నది."

"జరసేపు ఆగితే ఏమైతది? ఇంటికైతే వచ్చినవ్."

"రాకుంటే యాడికి పోతనే? బాయిల ఇంకో సంసారం పెట్టిన్నా?"

బాయి అంటే మా దగ్గర బొగ్గు గని. మా పుట్టిల్లు కరీంనగర్. మా నాయన వెండి తీగ పని చేసేవాడు. ఏడో తరగతితో బడి మాన్పించి నన్నూ కుంపటి దగ్గర కూర్చోబెట్టాడు. మా ఆయన భూమాచారిదీ మా కులమే గానీ, కుంపటి వదిలేసి బొగ్గుబాయిలో చేరిన మనిషి. జీతం వస్తుందని ఇచ్చి చేశారు. జీతం వచ్చింది, దాంతోపాటు భయమూ వచ్చింది. సైరన్ మోగితే భయం. మోగాల్సిన వేళకి మోగకపోతే ఇంకా భయం. పిల్ల స్కూలు బస్సు ఎక్కితే టైరు పేలుతుందని, దగ్గితే న్యుమోనియా అని, నవ్వితే ఆ నవ్వు ఎక్కడ ఆగిపోతుందోనని. మా పక్క క్వార్టరు ఓదెలు, మా ఆయనతోనే పనిచేసేవాడు, నన్ను చూసినప్పుడల్లా "వదినా, ఇయ్యాల ఎందరిని సంపినవ్ మనసుల?" అని అడిగేవాడు.

మా ఒక్కగానొక్క బిడ్డ స్రవంతి ఇదంతా చూస్తూ పెరిగింది. షిఫ్టు దిగే వేళకి గుమ్మంలో నేను నిలబడితే, నా కొంగు పట్టుకుని అదీ నిలబడేది. పెద్దదై వరంగల్‌లో ఒక ల్యాబ్‌లో చేరింది. యాంటెన్నాలు తయారుచేయడం దాని పని. యాంటెన్నా అంటే నాకు తెలిసింది ఒకప్పుడు టీవీల కోసం డాబాల మీద నిలబెట్టిన అల్యూమినియం గొట్టాలే. ఒకసారి సెలవుకి వచ్చి, చాప మీద నా పక్కన కూర్చుని, నేను మెలేస్తున్న వెండి తీగను చాలాసేపు చూసింది.

"అమ్మా, నువ్వుగింజంత పువ్వు చెయ్యగలవా? శంఖం లెక్క చుట్టుకుంట పైకి లేవాలె."

"ఎవరి ముక్కుకు?"

"ముక్కుకు కాదు. బాపు ఛాతికి."

అది చెప్పిందాంట్లో నాకు అర్థమైనంత రాస్తాను. కొత్త తరం నెట్‌వర్కుల్లో వాడే అల సెకనుకి పధ్నాలుగు వేల కోట్ల సార్లు ఊగుతుందట. అలలోని ఒక్కో వంపు రెండు నువ్వుగింజల మందం. అంత సన్నటిది కాబట్టి మోయగలిగింది కొండంత. కానీ పిరికిది. ఆకు అడ్డమొస్తే ఆగిపోతుంది, అరచెయ్యి అడ్డమొస్తే ఆగిపోతుంది. భూమి లోపల అయితే నాలుగు అడుగులు కూడా సాగదని అందరూ దాన్ని వదిలేశారు. మా పిల్ల మాత్రం ఆ పిరికితనాన్నే పట్టుకుంది. మనిషి ఛాతీ వెంట్రుకవాసి కదిలినా ఆ అల ఉలిక్కిపడుతుందట. అంటే ఊపిరి తెలుస్తుందన్నమాట. అంగీకి గుచ్చుకున్న చిన్న పువ్వు మనిషి ఊపిరిని కనిపెట్టి పక్కవాడి పువ్వుకి చెబుతుంది, అది ఆ పక్కదానికి, అక్కణ్ణుంచి దారి పొడవునా స్తంభాలకి తగిలించిన పువ్వులకి, అలా అందుకుంటూ బాయి పైదాకా వస్తుంది.

"మరి మీ మిషన్లు చెయ్యవా?"

"మిషన్ అద్దుతది, రేకు మీద ముగ్గేసినట్టు. సాపుగ ఉంటది. మనిషి పక్కకు తిరిగితే సాపు పువ్వుకు అల దొరకదు. అల బోల్టు మర లెక్క తిరుగుకుంట పోవాలె, అప్పుడు మనిషి వంగినా పండుకున్నా తప్పిపోదు. మర తిరగాలంటే తీగ మెలి తిరగాలె. గంత చిన్నగ మెలితిప్పే మిషను ఇంక రాలే."

బ్యాగులోంచి ఒక డబ్బీ తీసింది. అందులో దూది మీద వంకరటింకర వెండి ముక్క. మూడు వారాలు కష్టపడి తనే చేసిందట.

"ఇదేందే, చీమ చచ్చినట్టున్నది?" అన్నాను. అది నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకు బాగా గుర్తు, ఎందుకంటే ఆ పూట దేనికీ భయపడలేదు.

* * *

నలభై పువ్వులు కావాలంది. మొదట ఒక్క షిఫ్టు మనుషులతో పరీక్ష చేస్తారు. తీగ సాగదీసే కమ్మచ్చు రంధ్రాల్లోంచి తీగను లాగి లాగి, ఇక లాగితే తెగుతుందనేంత సన్నగా చేశాను. రెండు తీగలు కలిపి మెలేసి, సూది మొనకి చుట్టి, గురిగింజ అరగదీసిన గంధంతో నిలబెట్టి, వెలిగారం చల్లి, ఊదుగొట్టంతో ఒక్క ఊపిరి ఊదాలి. ఎక్కువ ఊదితే పువ్వు కరిగి ముద్దవుతుంది. కళ్లకి భూతద్దం కట్టుకుని రోజుకి రెండు చేసేదాన్ని.

ఎప్పుడూ రెండే. మా నాయన దగ్గర నేర్చుకున్న చెయ్యి నాది. ఆయన ఏ వస్తువూ ఒంటిగా చేయడు. జూకాలైనా, ఉంగరాలైనా, కుంకుమ భరిణెలైనా జోడుగానే చేస్తాడు. ఒకటి కుడికి మెలేస్తే రెండోది ఎడమకి. పక్కపక్కన పెడితే అద్దంలో చూసుకున్నట్టుండాలి. అలా లేకపోతే కుంపట్లో పడేసి మళ్లీ చేయించేవాడు. ఈడు వచ్చేసరికి నా వేళ్లకి చెప్పే పనే లేకపోయింది. మొదటిది కుడికి తిరిగిందంటే రెండోది దానంతటదే ఎడమకి తిరిగేది.

మా ఆయన పక్కన కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ చూసేవాడు.

"ముప్పై ఏండ్ల నుంచి నాకు ఒక ఉంగరం చెయ్యలే. ఇప్పుడు పువ్వు పెడ్తవా?"

"ఊపిరి తగుల్తది, దూరం జరుగు."

"ఊపిరి కోసమే గద చేస్తున్నవ్!"

నలభైలోనూ చివరి జోడు చాలా బాగా కుదిరింది. భూతద్దం కింద చూస్తే రెండు శంఖాలు ఒకదానికొకటి నమస్కారం పెట్టుకున్నట్టున్నాయి. మనుషుల పువ్వులు కాక, ప్రమాదం జరిగితే బండల్లోకి తొలిచిన బొర్రలోంచి దింపి వినడానికి ఒక పొడుగాటి కడ్డీ ఉంటుందని, దాని కొసకి ఒక పువ్వు బిగిస్తారని స్రవంతి చెప్పింది. ఆ జోడులో కుడిది వినే కడ్డీకి ఇమ్మన్నాను. ఎడమది మీ బాపుకి పెట్టమన్నాను. జోడు కదా, ఒకటి పిలిస్తే రెండోది పలుకుతుందని నా మనసు. నా చేతులతోనే విడివిడి డబ్బీల్లో పెట్టి, పేర్లు రాసి ఇచ్చాను.

వరంగల్ తీసుకుపోతే ల్యాబ్‌లో ఒక్కొక్కటీ పరీక్ష పెట్టారు. అల తిరిగి రాకుండా గోడలకి నురగ ముళ్లు అతికించిన గదిలో, సాపు రేకు ఒకటి ఎదురుగా పెట్టి, పువ్వుని తిప్పి తిప్పి చూశారు. నలభైకి నలభై నెగ్గాయి. విద్యాసాగర్ సార్ అని దాని పైఆఫీసరు, తెల్లగడ్డం ఆయన, నాకు కుర్చీ వేయించాడు. "మీ చేయి మిషన్ కంటే నిలకడమ్మా" అన్నాడు. నేను దిష్టి తగులుతుందేమోనని భయపడ్డాను.

* * *

బాయిలో పరీక్ష మొదలైంది. స్రవంతి కూడా ఇంటి దగ్గరే ఉండి, బాయి పైన గదిలో తెర ముందు కూర్చునేది. నా ఫోనులో ఒక గీత పెట్టి ఇచ్చింది. అది మా ఆయన ఊపిరి. పైకి లేచి కిందికి దిగుతూ, సముద్రం మీద పడవలా పోయేది. కూర తరుగుతూ చూసేదాన్ని, బట్టలు ఆరేస్తూ చూసేదాన్ని. మొదటి రెండు రోజులు గీత కొంచెం కిందికి దిగినప్పుడల్లా పిల్లకి ఫోన్ చేశాను.

"అమ్మా, బాపు కూసున్నడు. కూసుంటే ఊపిరి నిమ్మలమైతది."

"సరిగ్గ చూసినవా?"

"చూసిన. చాయ్ తాగుతుండు."

మూడో రోజు పదిన్నరకి గీతలో టకటకటకమని మూడు ముళ్లు లేచాయి. తరుగుతున్న కూర వదిలేసి గుమ్మంలోకి పరిగెత్తాను. సాయంత్రం ఆయన వచ్చి పొట్ట పట్టుకుని నవ్వాడు. పువ్వు మీద గోటితో మూడుసార్లు కొట్టాడట. "ఉన్ననే, ఉన్ననే, ఉన్ననే అని. చాయ్ తాగినప్పుడల్ల కొడ్త. చూసుకో."

అప్పట్నుంచి రోజూ పదిన్నరకి మూడు ముళ్లు. బాయిలో అందరికీ తెలిసిపోయింది. "పదిన్నరైంది, వదినకు పెట్టు" అని ఓదెలు గుర్తుచేసేవాడట. యాభై రెండేళ్ల వయసులో సిగ్గుపడటం ఏమిటని అనుకునేదాన్ని గానీ, ఆ వేళకి చెయ్యి కడుక్కుని ఫోన్ దగ్గరికి వచ్చేదాన్ని.

నెల గడిచింది. ఒక గురువారం పదిన్నరకి మూడు ముళ్లు వచ్చాయి. ఆయనకి ఇష్టమని చింతచిగురు పప్పు చేశాను. ఆకాశం తేటగా ఉంది. మనసు ఎంత కుదురుగా ఉందంటే, వండి చూద్దాంలే అనిపించింది. బియ్యం కడిగి ఎసట్లో పోశాను. ఆయన ఇంట్లో లేకుండా, ముప్పై ఏళ్లలో మొదటిసారి.

అన్నం పొంగుతుండగా గీత ఆగిపోయింది. ఆ తర్వాత సైరన్.

* * *

బాయి గేటు దగ్గర ఆడవాళ్లు అప్పటికే చేరారు. ఇరవై ఒకటో లెవెల్లో కప్పు కూలిందన్నారు. మిగతా వాళ్లు పైకి వచ్చేశారు. ముగ్గురు రాలేదు. కూలిన బండల కుప్పకి పడమర వైపు ఓదెలు, పోశం అనే ఇంకో మనిషి. తూర్పు వైపు మా ఆయన ఒక్కడే. స్తంభాల మీది పువ్వులు బండల కింద పడి నలిగిపోవడంతో ఎవరి ఊపిరీ పైకి రావడం లేదు. అందుకే రెండు వైపులా కుప్పలోంచి సన్నటి బొర్రలు వేసి, ఇనుప పైపు దూర్చి, అందులోంచి వినే కడ్డీ దింపారు.

రెండు గంటలు గడిచాయి. స్రవంతి గేటు దాకా పరిగెత్తుకుంటూ వచ్చింది. నెత్తిన టోపీ, మొహం నిండా మసి. నన్ను పక్కకి లాగింది.

"అమ్మా, పడమర దిక్కు ఇద్దరు బతికే ఉన్నరు. మంచిగ వినిపిస్తుంది."

"మీ బాపు?"

అది వెనక్కి, బాయి వైపు చూసింది.

"బాపు దిక్కు ఏం వస్తలేదు. రెండుసార్లు దింపినం. రెండు దిక్కులా ఒక్కసారి తవ్వితే కప్పు మల్ల కూలుతదట. ఏ దిక్కు ముందు తవ్వాలో నన్ను చెప్పుమంటున్నరు." టోపీ తీసి మళ్లీ పెట్టుకుంది. "పెట్టెల ఇంకో పువ్వు ఉన్నది. కడ్డీకి అది బిగిచ్చి ఇంకోపారి వింటే... గంట పడ్తది. గా ఇద్దరి దగ్గర గాలి తక్కువున్నది. ఏం చెయ్యాలె అమ్మా?"

ముప్పై ఏళ్లుగా నేను రోజూ ఎదురుచూసిన మాట అది. రోజూ మనసులో అనుకుని అనుకుని అరిగిపోయిన మాట. అది విన్నాక నాలో ఏదో చతికిలబడి, ఇక ఎదురుచూసే పని లేదన్నట్టు ఊరుకుంది. వేరే ఎవరైనా అయితే కొట్లాడేవాళ్లు. మళ్లీ చూడమని పిల్ల కాళ్ల మీద పడేవాళ్లు. చెడ్డ కబురు వింటే నమ్మనివాళ్లు ఉంటారు, వాళ్లని చూసి నేను ఎప్పుడూ జాలిపడేదాన్ని.

"నాకు ఎరుకే బిడ్డా," అన్నాను. "పొయ్యి మీద అన్నం పెట్టినప్పుడే ఎరుక. పో, ఉన్నోళ్లను తియ్యి."

అది నా మొహంలోకి చూసింది. ఒక్క క్షణం ఇంకేదైనా అంటానేమోనని ఆగింది. నేను అనలేదు. వెనక్కి తిరిగి పరిగెత్తింది.

అదే రోజు చీకటి పడ్డాక ఓదెలునీ పోశాన్నీ బయటికి తీశారు. చప్పట్లు కొట్టారు. ఇద్దరిని బతికించిన వెండి పువ్వు అని పేపర్లో రాశారు. తూర్పు వైపు మాత్రం నెమ్మదిగా, పద్ధతిగా, కలపదుంగలు నిలబెట్టుకుంటూ, టీలు తాగుతూ తవ్వారు. శవం కోసం తొందరపడి ఇంకో ప్రాణం పోగొట్టుకోవద్దన్నారు. నేనూ అదే మంచిదన్నాను. మర్నాడు మధ్యాహ్నం మూడు గంటలకి, సరిగ్గా ఆయన షిఫ్టు దిగే వేళకి, మా ఆయన్ని పైకి తెచ్చారు. ఒంటి మీద దెబ్బ లేదు. కాలు ఒక్కటే బండ కింద నలిగింది. అది చూసి కూడా నాకు ఏమీ తట్టలేదు.

* * *

విచారణ కమిటీ కూర్చుంది. పువ్వు ఎందుకు పలకలేదని అడిగితే తన డిజైన్‌లో లోపమని స్రవంతి రాసిచ్చింది. ల్యాబ్‌లో దాన్ని ఆ పనిలోంచి తప్పించారు. ఫోన్ చేస్తే ఎత్తేది కాదు, ఎత్తితే మాట్లాడేది కాదు. దాని గురించి నాకు రకరకాల భయాలు పుట్టాయి. ఉరితాడు కనిపించేది, రైలు పట్టాలు కనిపించేవి. ఉండబట్టలేక టిఫిన్ డబ్బా కట్టుకుని పొద్దున బస్సుకి వరంగల్ పోయాను.

ల్యాబ్‌లో ఒక మూల గదిలో ఒక్కతే కూర్చుని ఉంది. చిక్కిపోయింది. బల్ల మీద రెండు డబ్బీలు. వాటి మీద నా చేతిరాత: 'కడ్డీకి', 'బాపుకు'. ఎదురుగా పెద్ద తెర మీద రెండు పువ్వులూ పక్కపక్కనే, ఒక్కొక్కటీ బిందెంత కనిపిస్తున్నాయి. అంత పెద్దగా నేను ఎప్పుడూ చూడలేదు. ఒకదాంట్లో కాస్త బొగ్గు ధూళి ఇరుక్కుని ఉంది. మిగతాదంతా ఎలా చేశానో అలాగే ఉంది. ఏం మాట్లాడాలో తెలియక, పిల్లని మాటల్లో పెడదామని అన్నాను.

"చూడు, ఎంత మంచిగ కుదిరిందో జోడు. అద్దంల చూసినట్టు లేదా? నలభైట్ల ఇంత మంచిగ ఏదీ కుదరలే."

స్రవంతి నా వైపు తిరిగింది. పసిపిల్లప్పుడు జ్వరం వచ్చినప్పుడు దాని కళ్లు అలా ఉండేవి.

"అన్నీ గట్లనే చేసినవా? జోడు జోడు?"

"మరి? ఒంటిగ ఎవరన్న చేస్తరా?"

అది లేచి తలుపు వేసి వచ్చింది.

"అమ్మా, నీకు చెప్పొద్దనుకున్న. మూడు వారాల నుంచి నాకు తెలుసు."

"ఏంది?"

"కుడి మర బోల్టుకు ఎడమ మర నట్టు ఎక్కుతదా?"

"ఎక్కదు."

"ఇది గూడ గంతే. కుడి మెలి పువ్వు కుడికి తిరిగే అలనే వింటది. ఎడమ మెలి పువ్వు పంపేది ఎడమకు తిరుగుతది. అది ఎంత మొత్తుకున్నా దీనికి వినపడదు."

నేను తెరనే చూస్తున్నాను. "మరి నెల రోజులు మంచిగనే వచ్చింది గద?"

"బాయిల గోడలున్నయి. అల గోడకు కొట్టుకుని మర్లితే దాని మెలి తిరగబడ్తది. ఎడమది కుడిదైతది. గట్ల పడుకుంట లేచుకుంట వచ్చింది. నేను పని చేస్తుందనుకున్న. ఇక్కడ పరీక్ష పెట్టిన రేకు సాపుది, దానికి రెండు మెలికలూ ఒక్కటే. గా సన్నటి ఇనుప పైపుల మాత్రం అల యాడ కొట్టుకోదు, సక్కగ పోతది." రెండు డబ్బీలనీ దగ్గరికి జరుపుకుంది. "తప్పు నాదే. కాగితం మీద మెలి ఏ దిక్కో రాయలే. ఒక్కటి నమూనా ఇచ్చిన, అన్నీ అట్లనే వస్తయనుకున్న. నీతోని చిన్నప్పటి నుంచి కూసున్న, జోడు సంగతి నాకు తెల్వాలె. మరిచిపోయిన."

"పెట్టెల ఇంకోటున్నదంటివి. అది?"

అడిగాక తెలిసింది అడగకూడదని. అది తల దించుకుంది.

"అది ఎడమదే అమ్మా."

కిటికీ బయట ఎవరో స్కూటర్ స్టార్ట్ చేయడానికి కిక్కు కొడుతున్నారు. కొడుతూనే ఉన్నారు.

"ఎంతసేపు?" అన్నాను.

"అమ్మా, వద్దు."

"ఎంతసేపు ఉన్నడే మీ బాపు?"

పువ్వు కింద చిన్న చిప్పు ఉంటుందట. పైకి పంపలేకపోయినా, విన్నదంతా తనలో దాచుకుంటుందట. స్రవంతి ఒక మీట నొక్కింది. పువ్వులు పోయి తెర మీద గీత వచ్చింది. పొడుగ్గా, ఎడమ నుంచి కుడికి. నేను నెల రోజులు కూర తరుగుతూ చూసిన గీతే. పైకి లేస్తూ, దిగుతూ. కింద గంటలు వేసి ఉన్నాయి. పందొమ్మిది గంటలు.

గీత మీద చిన్న చిన్న ముళ్లున్నాయి. మూడు. కాస్త ఆగి మూడు. మళ్లీ మూడు. మొదట్లో దగ్గర దగ్గరగా, తర్వాత ఎడంగా. ఓదెలుని బయటికి తీసి చప్పట్లు కొట్టిన వేళకి కూడా మూడు. తవ్వేవాళ్లు టీ తాగిన వేళకి మూడు. ఒకచోట రెండే ఉన్నాయి, చాలాసేపటికి మూడోది.

స్రవంతి తెర ఆపబోయింది. నేను దాని చెయ్యి పట్టుకున్నాను. లెక్కపెట్టాను. నూట అరవై రెండుసార్లు ఉన్ననే అన్నాడు.

కమిటీకి నేను చెబుతానన్నాను. జోడు నా చేతిదని, రెండో పువ్వు వద్దన్న నోరు నాదని. స్రవంతి ఒప్పుకోలేదు. "నువ్వు చెప్తే వాళ్లు ఏం చేస్తరు? నిన్ను తీసుకపోయి ఏం అడుగుతరు? నాకు ఇగ నువ్వొక్కదానివే ఉన్నవ్," అంది. ఆ మాట అంటూ నా మొహంలోకి చూసింది. గేటు దగ్గర చూసినట్టే. అప్పట్లాగే నాకు ఏమీ చేతకాలేదు. తెచ్చిన టిఫిన్ డబ్బా మూత తీయకుండానే తిరుగు బస్సెక్కాను.

* * *

ఆ రోజు దెబ్బతిన్న ఓదెలు కాలు బాగయింది. మొన్న వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఇప్పుడు నన్ను ఆ పాత ప్రశ్న అడగడం లేదు. నెల తిరిగాక మళ్లీ బాయిలోకి దిగుతాడట.

"వదినా, పువ్వు లేకుంటే దిగమని అందరం అన్నం. మీ పువ్వు లేకుంటే నేను, పోశం ఇప్పుడు ఫొటోలమైతుంటిమి. అరవై కావాల్నట. సారు నిన్ను అడుగుమన్నడు."

ఆ రోజు తనని ముందు ఎందుకు తీశారో ఓదెలుకి తెలియదు. చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఆయన పెళ్లాం గోడ అవతల గిన్నెలు తోముతోంది. ఈ మధ్య ఆమె కూడా ఆయన వచ్చేదాకా బియ్యం పెట్టడం లేదట, నన్ను చూసి నేర్చుకున్నానని చెప్పింది. నేనైతే ఇప్పుడు పొద్దున ఎనిమిదింటికే వండేస్తున్నాను.

ఆ పువ్వుని మెలితిప్పే మిషన్ ఇంకా రాలేదు. స్రవంతి ఫోన్ చేసి, "చెయ్యి అమ్మా. అన్నీ కుడికే. ప్రతి ఒక్కటి నేను తెర మీద చూస్త," అని పెట్టేసింది.

కుంపటి రాజేశాను. భూతద్దం కట్టుకున్నాను. తీగ లాగి, మెలేసి, సూది మొనకి కుడికి చుట్టాను. ఊదాను. మంచి పువ్వు వచ్చింది. దాన్ని దూది మీద పెట్టి, బల్ల మీద కాగితం నిలబెట్టి దాని మీద పెద్ద అక్షరాలతో 'కుడి' అని రాసుకున్నాను. పైకి కూడా అనుకున్నాను, కుడి, కుడి, కుడి అని. రెండో తీగ తీశాను. పదిన్నరయింది. ఒక్కసారి కన్ను ఫోన్ వైపు పోయింది, అలవాటుగా. అంతే.

తిరిగి భూతద్దంలోకి చూసేసరికి నా వేళ్లు పని ముగించాయి. పువ్వు నిలబడి ఉంది, మొదటిదాని పక్కన, చక్కగా, దానికి నమస్కారం పెడుతున్నట్టు. ఎడమకి.

కత్తిరించి పడేశాను. ఓదెలు దిగడానికి ఇంకా నెల రోజులుంది. యాభై తొమ్మిది చెయ్యాలి. కాగితం వైపు చూస్తూ మూడో తీగ తీశాను.